పోలమ్మ గోతిలో నెమలికుచ్చు

ఆ రోజుల్లో ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో పానీఫల్ అమ్మే తెలుగు మనిషి పోలమ్మ ఒక్కతే. పానీఫల్ నీళ్ళలో పండే కాయ. పైన పచ్చటి తోలు, రెండు పక్కలా ముళ్ళలాంటి కొమ్ములు. ఒలిస్తే లోపల లేత కొబ్బరిలా తెల్లటి పప్పు. బెంగాలీల పంట అది. ఆకులు నీటిమీద చాపలా పరుచుకుంటాయి, కాయలు ఆకుల చాటున దాక్కుంటాయి. మొలలోతు నీళ్ళలో దిగి, ఆకు తిరగేసి, తడిమి తెంపాలి. ఏళ్ళ తరబడి ఆ పని చేసేసరికి పోలమ్మ వేళ్ళ నిండా ముళ్ళు గుచ్చుకున్న నల్ల మచ్చలు మిగిలాయి. "అందరూ పచ్చబొట్లు పొడిపించుకుంతారు, నాకు ఉత్తినే పడిపోయినాయి" అనేది నవ్వుతూ.

ఆమె పుట్టింది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో. పదహారో ఏట అప్పలకొండను పెళ్ళాడి ఖరగ్‌పూర్ వచ్చింది. అతను రైల్వే వర్క్‌షాపులో రంగుల ఖలాసీ. బళ్ళ పెట్టెలకు ఎర్రరంగు పూసేవాడు. నెమ్మదస్తుడు. పొద్దున్న సైరన్ కూస్తే వెళ్ళేవాడు, సాయంత్రం సైరన్ కూస్తే వచ్చేవాడు. మధ్యలో పోలమ్మకు మిగిలేది ఒక గది, ఒక వసారా. చేను చేసుకునే ఇంట్లో పుట్టిన మనిషికి చేతికి మట్టి అంటని రోజు తిండి తినని రోజులా ఉండేది.

వాళ్ళుండే మథురాకాటి రైల్వే క్వార్టర్ల వెనకే రైలు కట్ట. కట్ట పోసేటప్పుడు మట్టి తీసిన పొడుగాటి గొయ్యి ఒకటి అక్కడ ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళుండేవి. అన్ని నీళ్ళు ఊరికే పడి ఉండడం పోలమ్మకు కంట్లో నలుసైంది. ఊరి అంచున ఇందా అనే బెంగాలీ పేట ఉంది, దాని అవతల పానీఫల్ వేస్తారని విని, మూడు రోజులు వరసగా వెళ్ళి గట్టుమీద కూచుని చూసింది. నాలుగో రోజు అక్కడి బెంగాలీ ముసలామె విసుక్కుంది.

"చూస్తే రాదు తెలుగు దీదీ. దిగితే వస్తుంది."

పోలమ్మ చీర పైకి దోపి దిగింది. నారు తీగ నాలుగు పోచలు కలిపి ముడేసి, కాలి బొటనవేలితో బురదలోకి నొక్కడం ఆ రోజే నేర్చుకుంది. రైల్వే స్థలం కాబట్టి అప్పలకొండ గుమాస్తా చేత అర్జీ రాయించాడు. స్థలాలు చూసే వర్క్స్ ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేవాడు. ఆ కాగితాన్ని పోలమ్మ అమ్మవారి పటం వెనక దాచేది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే "గొయ్యున్నాది కాదేటి? దాని ముద్దూ మురిపెం సూడ్డానికే పొద్దు సాల్దు నాకు" అని తుంచేసేది. తుంచెయ్యడానికి అన్న మాటే అయినా, అందులో అబద్ధం లేదు.

పొద్దున్నపూట ఆమె రైలు గార్డు రిచర్డ్ గారి బంగళాలో వాకిలి ఊడ్చేది. ఆంగ్లో ఇండియన్ మనిషి. వరండాలో గాజు తొట్టి పెట్టి రంగు చేపల్ని పెంచేవాడు. కలకత్తా నుంచి తెచ్చిన మొక్క ఒకటి ఆ తొట్టిలో ఉండేది. ఆకు చూస్తే విసనకర్రలా విచ్చుకున్న సన్నటి పోగులు. చేప పక్కనుంచి వెళితే పోగులన్నీ ఒయ్యారంగా ఊగేవి. పందొమ్మిది వందల అరవై రెండులో ఆయన ఉద్యోగం వదిలి దేశం దాటి వెళ్ళిపోతూ చేపల్ని స్నేహితుడికి ఇచ్చేశాడు. మొక్కను బకెట్లో పెట్టుకుని పంపుహౌసు పక్కనున్న రైల్వే చెరువుకు నడిచాడు. వెంట పోలమ్మ ఉంది.

"పారేస్తే చచ్చిపోతుంది పోలమ్మా," అన్నాడు హిందీలో. "ఇక్కడైతే బతుకుతుంది."

బతికింది. రెండేళ్ళలో చెరువు మూల ఆకుపచ్చ ఉన్ని పరిచినట్టయింది. ఎండ పడితే నీటి పైన చిన్న చిన్న తెల్లపూలు. దాని పేరు ఎవరికీ తెలియదు. ఆడవాళ్ళు నెమలికుచ్చు అన్నారు.

ఎండలు ముదిరి ఇంకా తొలకరి పడని రోజుల్లో మథురాకాటి తెలుగువాళ్ళు మాతా పూజ చేసేవారు. ఆడవాళ్ళు ఉపవాసం ఉండి, పసుపు చీరలు కట్టి, రైల్వే చెరువులో ఘటాలు ముంచి, మూతిలో వేపరెమ్మలు పెట్టి, డప్పుల వెంట వీధులన్నీ తిరిగేవారు. తిరిగొచ్చాక ఆ నీళ్ళు వృథా చెయ్యరు. తొట్టిలోనో, పాదులోనో, తులసికోటలోనో పోస్తారు. తల్లి నీళ్ళు పడ్డచోటు చల్లగా ఉంటుందని నమ్మకం.

అరవై నాలుగులో పోలమ్మ తన ఘటంలో వేపరెమ్మలతోపాటు రెండు నెమలికుచ్చులు కూడా పెట్టింది. తడి పోగులు కుండ అంచు మీదుగా వేలాడుతూ, ఆమె అడుగు వేసినప్పుడల్లా ఊగాయి. ఘటాలవాళ్ళందరికీ పెద్ద అప్పలనర్సమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"ఏటే పోలీ, తల్లికి జడకుచ్చులెట్టినావేటి?"

"బాగులేదేటి నర్సమ్మప్పా?"

"బాగున్నాది కాబట్టే అడుగుతన్నాను. నాకు సెప్పనేదేం?"

మరుసటి ఏడు పద్దెనిమిది ఘటాలకూ నెమలికుచ్చులే. పోలమ్మ గొయ్యి సరిగ్గా ఊరేగింపు తిరిగొచ్చే దారిలో ఉంది. "మీరూ దోసెడేసి పొయ్యండప్పా, కాయ దిగితే అందరం తింతాం" అని ఆమే పిలిచింది. పద్దెనిమిది మందీ పోశారు. ఆ కార్తీకంలో పోలమ్మ ఇంటింటికీ కాయలు పంచింది. అంతటితో అది ఆచారమైపోయింది.

అరవై ఆరులో వానలకు గొయ్యి పచ్చబడింది. కానీ ఆ పచ్చదనం పానీఫల్‌ది కాదు. నీటి అడుగు నుంచి అంచు దాకా నెమలికుచ్చు దూది కూరినట్టు నిండిపోయింది. పానీఫల్ తీగకు వేరు పట్టే చోటు లేదు. పోలమ్మ కొడవలి పట్టుకుని దిగి, వరిచేను కోసినట్టు కోసింది. కోసిన ముక్కలు నీటిమీద తేలి అటూ ఇటూ పోయాయి. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చి చూస్తే ఒకటికి పదిగా ఉంది.

"కోసినకొద్దీ పెరగడానికి ఇదేటి, జుట్టా?" అన్నాడు అప్పలకొండ.

"నీ నెత్తిమీద మొలిస్తే తెలిసును నీకు," అంది పోలమ్మ.

ఆ ఏడు బుట్టెడు కాయ కూడా రాలేదు. తరువాతి చైత్రంలో మొగుడూ పెళ్ళామూ చెరో పక్కన నిలబడి గూడ వేసి నీళ్ళన్నీ ఎత్తిపోశారు. నెల్లాళ్ళు ఎండలో గొయ్యి పెచ్చులు లేచి, పగుళ్ళిచ్చింది. నెమలికుచ్చు మాడి తుక్కయింది; వేళ్ళతో నలిపితే పొడైపోయింది. ఆ తరువాత పూజ అయింది, తొలకరి పడింది, గొయ్యి నిండింది, పోలమ్మ ఇందా నుంచి నారు తెచ్చి పాతింది. శ్రావణం వచ్చేసరికి పానీఫల్ ఆకుల సందుల్లోంచి మళ్ళీ ఆ పోగులు.

ఎండి బూడిదైంది ఎలా లేచి వచ్చిందో పోలమ్మకు అంతు పట్టలేదు. ఎవరిదో కన్ను అనుకుంది. ఇందా వాళ్ళెవరో తెచ్చి పడేశారేమోనని రెండు రోజులు గట్టుమీద కాపలా కూచుంది. ఎవరూ రాలేదు. అరవై ఎనిమిదిలో మళ్ళీ గూడ, మళ్ళీ ఎండ, మళ్ళీ పూజ, మళ్ళీ నాట్లు. మళ్ళీ అదే.

ఆ మార్గశిరంలో వర్క్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కట్టమీద నిలబడ్డాడు. బెంగాలీ మనిషి, మర్యాదస్తుడు. నీళ్ళు కదలక దోమలు పెరుగుతున్నాయని మలేరియా వాళ్ళు రాశారని చెప్పాడు. లోకో షెడ్డులో కొండలా పేరుకున్న బొగ్గు బూడిద ఎక్కడో ఒకచోట పొయ్యాలి.

"ఒక్క ఏడు చూస్తాను పోలమ్మా. వచ్చే దుర్గాపూజ ముందు వస్తాను. నీళ్ళ మీద కాయ కనిపిస్తే సంతకం పెడతాను. ఈ ఆకు కనిపిస్తే బూడిద పోయిస్తాను. తరువాత నన్ను తిట్టకు."

"తిట్టను బాబూ," అంది పోలమ్మ. కానీ ఆ రోజు అన్నం సయించలేదు. కాగితాన్ని పటం వెనక నుంచి తీసి, చదవడం రాకపోయినా, ఆ పాత సంతకాల్ని వేలితో తడిమి మళ్ళీ పెట్టేసింది.

పక్క క్వార్టరులోకి ఆ మధ్యనే ఒక గుమాస్తా సంసారం వచ్చింది. గుమాస్తా భార్య చంద్రావతి. గోల్‌బజార్‌లో బట్టల కొట్టున్న కోమట్ల ఆడపడుచు, బి.ఎస్సీ. చదివి బడిలో సైన్సు చెప్పేది. ఆమెకు పద్నాలుగు నెలల పాప. పాపకు అప్పుడే నడక వచ్చింది, తల్లికి అప్పుడే నిద్ర పోయింది. వచ్చిన మూడో రోజే చంద్రావతి వచ్చి పోలమ్మ గుమ్మంలో నిలబడింది.

"పోలమ్మ పిన్నీ, మా తలుపు నుంచి మీ గొయ్యికి ముప్ఫై నాలుగు అడుగులు. నేను కొలిచాను. పాప అడుగులైతే తొంభై. ఎంతసేపు పడుతుందో కూడా లెక్క కట్టాను."

"ఏటి టీచరమ్మా, లెక్క కట్టి ఊరుకున్నావా? కంచె కట్టాల గానీ," అంటూ పోలమ్మ ఆ సాయంత్రానికే మొగుణ్ణి తోడు పెట్టుకుని వెదురు దడి కట్టేసింది. చంద్రావతి ఆ దడిని చేత్తో ఊపి చూసింది, కింద సందులో పిడికిలి పెట్టి చూసింది, మరో రెండు కర్రలు వేయించింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాట కలిసింది.

బూడిద సంగతి విన్నాక చంద్రావతి నెమలికుచ్చు రెమ్మ ఒకటి అడిగి తీసుకుంది. బడి గ్రంథాలయంలో పాత పుస్తకం తిరగేసి, దాని పేరు కాబోంబా అనీ, అమెరికా నుంచి గాజు తొట్ల అందం కోసం తెచ్చిన మొక్క అనీ చెప్పింది. పేరు తెలిసినంత మాత్రాన గొయ్యి బాగుపడదని ఆమెకూ తెలుసు. రెండు హార్లిక్స్ సీసాల్లో నీళ్ళు పోసి, పాపకు అందకుండా అటక మీద, కిటికీ వెలుగు పడేచోట పెట్టింది. ఒకదాంట్లో ఉత్త ఆకు పోగులు వేసింది. రెండోదాంట్లో కణుపున్న కాడ ముక్క, వేలెడంత.

మూడు వారాలయ్యాక పోలమ్మను పిలిచింది. మొదటి సీసాలో ఆకు కుళ్ళి నీళ్ళు మురికయ్యాయి. రెండోదాంట్లో ముక్కకు తెల్లటి వేళ్ళు దిగాయి; కణుపు దగ్గర కొత్త చిగురు.

"ఇంత ముక్కకేనా?" అంది పోలమ్మ.

"ఇంత ముక్కకే. కణుపు ఒక్కటి ఉంటే చాలు. మీరు కొడవలితో కోసినప్పుడు నారు పోసినట్టే అయింది పిన్నీ."

"అది సరే. ఎండబెట్టినాక ఏదీ మిగల్లేదు కదా. అప్పుడెలా వొచ్చినాది?"

"ఎండిందాంట్లోంచి రాదు. బయటి నుంచి ఎవరో తెచ్చి వెయ్యాలి. ఎండబెట్టాక, నాటేముందు. తడి పగుల్లో పడ్డా చాలు, వాన వచ్చేదాకా బతుకుతుంది."

పోలమ్మ సీసాను చేతిలోకి తీసుకుంది. ఎండబెట్టాక, నాటేముందు. ఎవరు వచ్చారు? ఎవరు పోశారు? పద్దెనిమిది ఘటాలు ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళముందు నడిచాయి. కుండ అంచున వేలాడే కుచ్చులు. దోసెడేసి నీళ్ళు. పిలిచింది ఎవరు?

"టీచరమ్మా," అంది, "నానే ఏసినాను."

సంగతంతా విన్న చంద్రావతికి దారి సులువుగానే కనిపించింది. "ఈసారి ఘటాలు కొళాయి దగ్గర నింపుకోండి."

"కొళాయి కాడికి డప్పులు కొట్టుకుంటా ఎల్తామేటమ్మా?" అంది పోలమ్మ. ఆ దిగులులోనూ నవ్వు వచ్చింది ఇద్దరికీ.

కానీ తరువాత నెలలన్నీ పోలమ్మకు నవ్వు రాలేదు. తల్లి నీళ్ళు వద్దనడం ఎలా? తన గోతిలో పొయ్యొద్దంటే పద్దెనిమిది మందీ ఏమనుకుంటారు? తల్లి ఏమనుకుంటుంది? చైత్రంలో గూడ వేస్తున్నప్పుడు అప్పలకొండ అన్నాడు, "సెప్పకపోతే ఏటవుతాది, ఈ నీళ్ళన్నీ మనం ఉత్తినే తోడుతన్నట్టు. అంతే కదా." అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్న మాట మాత్రం ఆమె నడుం నొప్పిలో కలిసిపోయి, రోజూ గుర్తుకొచ్చింది.

పూజనాడు పొద్దున్న చెరువు గట్టుకు పోలమ్మ అందరికన్నా ముందు వెళ్ళింది. చేతిలో పసుపులో ముంచి ఆరేసిన కొత్త తెల్లబట్ట. అప్పలనర్సమ్మ వచ్చి చూసింది.

"ఏటే అది?"

"బట్టప్పా. నాలుగు మడతలేసి ఘటం మూతికి కట్టి ముంచుదాం. ఏపరెమ్మలెడదాం. ఈ కుచ్చు మాత్రం వొద్దు."

"తల్లికి వడగట్టిన నీళ్ళా? నీకు మతి ఉన్నాదేటి?"

"ఇంటికి సుట్టమొస్తే నలకలున్న నీళ్ళిస్తామేటి? వడగట్టే ఇస్తాం. తల్లికిస్తే తప్పేటి?"

వెనకనుంచి ఎవరో ఎత్తిపొడిచారు. "మొదట ఈ కుచ్చు ఎట్టిందెవరు? ఉప్పుడు వొద్దంటందెవరు? నీ సోకు నువ్వే ఎడతావు, నువ్వే తీస్తావు."

"నానే ఎట్టినాను," అంది పోలమ్మ. "అందుకే నానే సెప్తన్నాను. ఇది వేలెడు ముక్క పడితే సాలు, సెరువంతా అవుతాది. టీచరమ్మ సీసాలో నా కళ్ళతో సూసినాను. రెండేళ్ళు గొయ్యి ఎండబెట్టినాను. ఎండిన ప్రతీసారీ నానే పిలిసినాను, మీరు పోసినారు. తప్పు మీది కాదు, తల్లిది కాదు. నాది. ఈ ఏడు ఆకు కనబడితే నా గొయ్యి బూడిదతో కప్పెడతారు. నన్నుగానీ రావద్దంటే ఎలిపోతాను. ఈ బట్ట మాత్రం కట్టండి."

డప్పులవాళ్ళు కూడా సెగకు డప్పులు కాచడం ఆపి చూస్తున్నారు. అప్పలనర్సమ్మ చెరువు మూలనున్న పచ్చదనం వైపు చూసింది, పోలమ్మ వైపు చూసింది.

"మా పెరటి తొట్లో కూడా ఇదేనేటి? పోగులు పోగులుగా ఉంతాది?"

"తల్లి నీళ్ళు పోసినావా అప్పా అందులో?"

"ఏటా పోస్తాను." అప్పలనర్సమ్మ గుంపు వైపు తిరిగింది. "తొట్టి కడగట్లేదని రెండేళ్ళ నుంచి కోడల్ని తిట్టిపోస్తన్నానే."

గుంపులో ఎక్కడో ఆ కోడలు ఉంది. "సెప్పినాను కదత్తా, కడుగుతన్నానని," అన్న గొంతు వినిపించింది. ఒకరిద్దరు ఫక్కున నవ్వారు. అప్పలనర్సమ్మ వాళ్ళను కళ్ళతోనే ఆపి, పోలమ్మ చేతిలోని బట్ట లాక్కుని, తన ఘటం మూతికి తనే కట్టింది. మోకాళ్ళ దాకా దిగి ముంచింది. పైకి తీసి బట్ట విప్పితే, పసుపు గుడ్డమీద ఆకుపచ్చ తునకలు దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్లా అంటుకుని ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ ఇదంతా నెత్తినెట్టుకుని మోసినామన్నమాట," అందామె. "ఊఁ, ఇంకో బట్ట సింపండి. పద్దెనిమిది మందిమి ఒక్క గుడ్డకి కాసుక్కూసుంతామేటి?"

ఆ తునకలన్నీ పోలమ్మ ఏరి, కట్టమీద ఎండిన బొగ్గు పొడిలో పరిచింది. సాయంత్రం ఊరేగింపు తిరిగొచ్చినప్పుడు తన గొయ్యి దగ్గర దారికి పక్కగా నిలబడింది. పిలవలేదు. అప్పలనర్సమ్మే ఆగి దడి పక్కకు తీయించి, ఖాళీ గోతిలోకి దోసెడు నీళ్ళు వంచింది. వెనకవాళ్ళందరూ వంచారు. తేట నీళ్ళు. పగుళ్ళ మట్టి గుక్కలు గుక్కలుగా తాగింది.

ఆషాఢంలో పోలమ్మ నాట్లు వేసింది. నారును ఒక్కొక్క తీగా చంద్రావతి వెలుగులో పట్టుకుని చూసి గానీ నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఆమెకు పూర్తి ధైర్యం లేదు. వాననీళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి కదా అని రోజూ దడి దగ్గర నిలబడి, పాపను ఒక చంకన అదిమి పట్టుకుని, తొంగి చూసేది. శ్రావణం గడిచింది. భాద్రపదంలో ఒకరోజు పోలమ్మ కాలికి పీచులా ఏదో తగిలింది. వేళ్ళతో పట్టి బురదతో సహా పైకి తీసింది. ఒక్క మొక్క, జానెడు. చుట్టూ పది అడుగులు కాళ్ళతో తడిమింది, మర్నాడూ తడిమింది. ఇంకేమీ లేదు. ఉంటే మాత్రం ఇప్పుడు దాని దారి తెలుసు. మొదట్లోనే వేరుతో పీకొచ్చు.

ఇన్‌స్పెక్టర్ అన్న మాట ప్రకారం దుర్గాపూజకు పది రోజుల ముందు సైకిలు మీద వచ్చాడు. గొయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు పానీఫల్ ఆకులు గచ్చు పరిచినట్టు ఉన్నాయి. సందుల్లో నీళ్ళు నల్లగా, తేటగా. ఆయన నమ్మకం కుదరక ఒక కర్ర పెట్టి అడుగున కెలికించాడు. బురద వచ్చింది, పోగులు రాలేదు. పోలమ్మ దిగి నాలుగు కాయలు తెంపి, ఒలిచి ఆయన చేతిలో పెట్టింది.

నములుతూనే కాగితం అందుకుని, సైకిలు సీటు మీద పెట్టి సంతకం చేశాడు.

"రెండేళ్ళు పోని ఆకు ఈ ఏడు ఎలా పోయింది?"

"వడగట్టినాం బాబూ."

"గొయ్యంతానా?"

"గొయ్యి కాదు బాబూ. ఘటాలు."

ఆయనకు అర్థం కాలేదు. అయినా నవ్వి, మరో రెండు కాయలు జేబులో వేసుకుని సైకిలెక్కాడు. కాగితం తడవకుండా పోలమ్మ దాన్ని దడి కర్రల మధ్య దోపి, బుట్ట తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి నడిచింది. అవతలి గట్టు వైపు ఆకులు ఇంకా తిరగెయ్యనే లేదు.